అమెరికాలో ఇల్లు కొంటూ ఓనర్‌కి ఉత్తరం రాస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇల్లు తమకే అమ్మమని కోరుతూ కొనేవాళ్లు ఓనర్‌కి రాసే ఉత్తరం సంగతి ఇది. ముందుగా, అలాంటివి తీసుకుంటారో లేదో మీ ఏజెంట్‌ని అడగండి. ఇలాంటి ఉత్తరాలు తీసుకోబోమని అమ్మేవాళ్ల ఏజెంట్ చెప్పేసి ఉంటే, కూర్చుని రాసిన శ్రమంతా వృథా.

అన్నిటికంటే ముఖ్యం, మీ గురించి కాకుండా ఇంటి గురించి రాయండి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం, దాని సవరణల ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, ఆడామగా తేడా, వైకల్యం, ఇంట్లో పిల్లలుండటం వంటివి చూసి కొనేవాళ్లను ఎంచుకోకూడదు. "ఈ మూల మా పూజగదికి సరిగ్గా సరిపోతుంది", "పిల్లలు పెరట్లో ఆడుకుంటారు" అని మనం ఏమీ అనుకోకుండా రాసేస్తాం. మొదటి మాటతో మతం, రెండోదానితో పిల్లల సంగతి బయటపడతాయి. మంచి మనసున్న ఓనర్‌ని కూడా అది ఇరకాటంలో పెడుతుంది. "వంటింటి కిటికీలోంచి పడే పొద్దుటి ఎండ, మీరు పెంచిన గులాబీలు మాకెంతో నచ్చాయి" అనండి, చాలు.

ఫ్యామిలీ ఫొటో అస్సలు వద్దు.

ఒరెగాన్ రాష్ట్రం 2021లో ఈ ఉత్తరాలను అడ్డుకుంటూ చట్టం చేసింది. వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2022లో ఫెడరల్ కోర్టు దాన్ని ఆపేసింది.

"ఈ ఇల్లు కాకపోతే ఇంకేదీ వద్దు" అని రాయకండి, తర్వాత బేరమాడటం కష్టం. రిపేర్లు, తేదీలు, డబ్బు విషయాలు కాంట్రాక్టులోనే ఉండాలి. ఒక పేజీ దాటనివ్వకండి. పంపేముందు ఓనర్ పేరు స్పెల్లింగ్ మరోసారి చూసుకోండి.