ఇంటి కంప్యూటర్ – 6వ పాఠం: బ్యాకప్ ఊరు దాటాలి

కిందటి పాఠంలో ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, రొయ్యల చెరువు లెక్కల ఎక్సెల్ ఫైళ్లు అన్నీ ఏరి డి డ్రైవ్‌లో ‘ఇల్లు’ అనే ఒకే ఫోల్డర్‌లో వేశాం. ఆ పని సగంలో ఆపినవాళ్లు ముందు అది ముగించుకుని రండి. ఈ పాఠమంతా ఆ ఫోల్డర్‌కు బ్యాకప్ తీయడం, అంటే ఇంకో చోట దాచే నకలు తీయడం గురించే.

మొదట ఒక అపోహ తీర్చాలి. మా వైపు ‘బ్యాకప్ ఉందా’ అని ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ఇదే: “సి లో ఒకటి ఉందండి, డి లో ఇంకోటి ఉందండి. మళ్లీ హార్డ్ డిస్క్ కొనడం ఎందుకండీ, డబ్బు దండగ!” స్టార్ట్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద ‘డిస్క్ 0’ అని ఒక వరుస కనిపిస్తుంది. చాలా ఇళ్లలో సి, డి రెండూ ఆ ఒక్క వరుసలోనే ఉంటాయి. అంటే ఒకే గదికి మధ్యలో గోడ కట్టి రెండు పేర్లు పెట్టారన్నమాట. నీళ్లొస్తే రెండు వైపులా వస్తాయి, డిస్క్ పోతే రెండూ పోతాయి. డిస్క్ 0, డిస్క్ 1 అని వేర్వేరు వరుసల్లో ఉంటే మీరు కొంచెం నయం, అంతే. ఎందుకంటే ఆ రెండూ ఒకే పెట్టెలో, ఒకే కరెంటు మీద నడుస్తున్నాయి.

మన గోదావరి డెల్టాలో ఈ మాట గట్టిగా చెప్పాల్సిన కారణం మీకు తెలియంది కాదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు లంక ఊళ్లలో బియ్యం బస్తాలు, టీవీ, మిక్సీ అటక ఎక్కుతాయి. బల్ల కింద నేల మీదున్న సీపీయూ సంగతి చివరికి గానీ గుర్తురాదు. బ్యాకప్ డిస్కేమో అదే బల్ల సొరుగులో ఉంటుంది.

వరదకైనా ముందు చెప్పి వచ్చే అలవాటుంది, పిడుగుకు లేదు. కరెంటు తీగ మీదుగానో, ఇంటర్నెట్ రూటర్‌కు వచ్చే రాగి తీగ మీదుగానో లోపలికొస్తే ఆ క్షణాన కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతిదానికీ ప్రమాదమే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ అనే వైరస్ కూడా అంతే, కంప్యూటర్‌కు కనిపిస్తున్న డిస్కులన్నిటికీ తాళం వేసేస్తుంది. అందుకని బ్యాకప్ డిస్క్ పని అయిన వెంటనే ఊడి రావాలి. ఏడాది పొడవునా వెనకాల వేలాడుతూ ఉండే డిస్కును బ్యాకప్ అని నేను లెక్కపెట్టను.

ఇక కొనుగోలు. 1 టీబీ బయటి హార్డ్ డిస్క్ ఇంటికి సరిపోతుంది. తగిలించగానే విండోస్ 931 జీబీ అని చూపిస్తే షాపువాడితో గొడవకు దిగకండి. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, ఆ తేడాయే అది. అసలు మోసం వేరే చోట ఉంది. ‘2 టీబీ పెన్ డ్రైవ్’ అని మూడు నాలుగొందలకు ఆన్‌లైన్‌లోనూ, తిరునాళ్ల అంగళ్లలోనూ అమ్మేవి ఉన్నాయి. లోపలి చిప్ 16 జీబీయో 32 జీబీయో ఉంటుంది, కానీ కంప్యూటర్‌తో 2 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చి పెడతారు. చిప్ నిండాక కూడా కాపీ అయినట్టే కనిపిస్తుంది. ఫైలు పేర్లుంటాయి, సైజులుంటాయి, తెరిస్తే తెరుచుకోవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ నిండా రాసి, రాసింది తిరిగి చదివి నిజం బయటపెడుతుంది. కొత్త డ్రైవ్ ఖాళీగా ఉండగానే ఆ పరీక్ష చేయండి, రాత్రంతా పట్టినా ఫర్వాలేదు.

పెళ్లి వీడియో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పాత పద్ధతిలో) ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలు కూడా అందులోకి వెళ్లదు. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే, ఫైలు మరీ పెద్దదంటూ విండోస్ మొరాయిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మారిస్తే తీరిపోతుంది, అయితే ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఏమీ లేని డ్రైవ్‌కే ఆ పని చేయండి.

ఇప్పుడు చేతిపని. డిస్కును నీలం రంగు యూఎస్‌బీ సందులో పెట్టండి. సాధారణంగా అది 3.0 రకం, పాత నల్ల సందు కన్నా చాలా వేగం. విండోస్ గుర్తున్న మీట పట్టుకుని ఇ నొక్కితే ఫైళ్ల కిటికీ తెరుచుకుంటుంది. కొత్త డిస్కులోకి వెళ్లి ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్ చేయండి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయాలి: 2026-06-07 ఇలాగ. అప్పుడే ఫోల్డర్లు వాటంతటవే తేదీల వరుసలో నిలబడతాయి. తర్వాత డి డ్రైవ్‌లో ‘ఇల్లు’ మీద కుడి క్లిక్, కాపీ, ఇక్కడికొచ్చి పేస్ట్. పొరపాటున కూడా కట్ నొక్కొద్దు. కట్ చేస్తే ఉన్నదాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపినట్టే, నకలు మిగలదు.

కాపీ అయిపోగానే లేచి వెళ్లిపోతారు చాలామంది. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. డి లో ఉన్న ‘ఇల్లు’ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. కొత్త డిస్కులోని ‘ఇల్లు’కీ అలాగే తెరిచి రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టుకోండి. ‘కంటెయిన్స్’ వరుసలో ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఫోల్డర్లు ఉన్నాయో రాసి ఉంటుంది. ఆ అంకెలు రెండు వైపులా ఒకటే కావాలి. ‘సైజ్’ వరుసలో బ్రాకెట్లో ఉన్న బైట్ల అంకె కూడా చివరి అంకె దాకా కలవాలి. దాని కిందే ‘సైజ్ ఆన్ డిస్క్’ అని ఇంకోటి ఉంటుంది. అది తేడాగా ఉంటే కంగారు వద్దు, ఫార్మాట్‌ను బట్టి మారుతుంది. లెక్క కలిశాక డిస్కులో నుంచే ఒక పాత ఫొటో, ఒక పెద్ద వీడియో చివరి నిమిషం, ఒక పొలం కాగితం తెరిచి చూడండి. అప్పుడు కింద మూలన గడియారం పక్కనున్న గుర్తుతో ఎజెక్ట్ చేసి తీయండి.

కాగితాల గురించి ఒక్క ముక్క. దస్తావేజు స్కాన్ దస్తావేజు కాదు, కోర్టులో దాంతో పని జరగదు. అయినా అది ఉంటే దస్తావేజు నంబరు, సంవత్సరం తెలుస్తాయి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అవి రెండూ తెలియకపోతే ఆఫీసు చుట్టూ తిరగడం ఏమిటో తిరిగినవాళ్లకే తెలుసు.

ఇక డిస్క్ ఎక్కడ ఉండాలన్నది. మీ ఇంట్లో కాదు, వీలైతే మీ ఊళ్లో కూడా కాదు. ఏటిగట్టుకు ఇవతల మీరు, అదే గట్టుకు అవతల మీ చెల్లెలు ఉంటే ఆవిడింట్లో పెట్టి లాభం లేదు. మెట్టలో వియ్యాలవారున్నా, హైదరాబాదులో అబ్బాయి ఉన్నా వాళ్ల బీరువాలో ఒక మూల చాలు. రెండు డిస్కులు కొంటే పని ఇంకా సులువు: సంక్రాంతికి వచ్చేవాళ్లు పాతది తెస్తారు, కొత్తది పట్టుకెళ్తారు. వానాకాలం మొదలయ్యేలోగా ఇంకోసారి మార్చుకుంటే నిశ్చింత. సముద్రం దగ్గరివాళ్లు, అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లు డిస్కును మూత గట్టిగా పట్టే డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి.

వియ్యాలవారింట్లో మన ఆధార్, బ్యాంకు కాగితాలు పెట్టడానికి మొహమాటమే కదా. ఆ ఒక్క సబ్‌ఫోల్డర్‌ను 7-జిప్ అనే ప్రోగ్రాంతో పాస్‌వర్డ్ పెట్టి మూసేయండి. పాస్‌వర్డ్ మర్చిపోతే దాన్ని తెరిచే దారి ఎవరి దగ్గరా లేదు కాబట్టి కాగితం మీద రాసి మీ ఇంట్లోనే దాచుకోండి.

“అన్నీ గూగుల్లో ఉన్నాయండి” అనేవాళ్లకు: ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే వస్తుంది. ఫొటోలకు హద్దులేని ఉచితం 2021 జూన్ 1తో ఆగిపోయింది. పైగా ఫోన్‌లోని గూగుల్ ఫొటోస్ యాప్‌లో మనవడు ఆడుతూ ఒకటి తీసేస్తే అది అక్కడ కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. ఆన్‌లైన్‌లో ఉంచడం మంచిదే, కానీ అది డిస్కుకు తోడుగా ఉండాలి గానీ దాని బదులు కాదు.

ఈసారి వార్త కూడా ఈ పాఠానికే తగిలేది. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 దాకా గడువు ఇచ్చింది. ఎవరైనా వచ్చి “11 వేసేస్తానండి” అంటే పైన చెప్పిన బైట్ల లెక్క కలిసే వరకు కంప్యూటర్ మీద చెయ్యి వేయనివ్వకండి.

సాధన: ఈ ఆదివారం ఒక కాపీ తీసి, లెక్క చూసి, డిస్క్ మీద తేదీ రాసిన స్టిక్కర్ అంటించండి. 7వ పాఠంలో ఫోన్‌లోని ఫొటోలను నేరుగా కంప్యూటర్‌లోకి దింపుతాం. దానికి డేటా వెళ్లే కేబుల్ కావాలి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేవి కూడా ఉంటాయి కనుక, తగిలించినప్పుడు కంప్యూటర్‌లో ఫోన్ పేరు కనిపించే కేబుల్ ఏదో ముందే చూసి పక్కన పెట్టుకోండి.