దూరపు రైఫిల్ గురి సాధన – 5వ పాఠం: ముందు టార్గెట్, ఆ తరువాతే స్కోప్

గడచిన పాఠాల్లో తుపాకిని భద్రంగా పట్టుకోవడం, పడుకొని కాల్చే భంగిమ, ఊపిరి నిలపడం, ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా నొక్కడం నేర్చుకొన్నాం. ఇక దూరం పెంచాలి. ఈ దశకు చేరినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఏ స్కోప్ (తుపాకి మీద బిగించే టెలిస్కోప్) కొనాలన్నది. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఎంత పెద్ద వలయాన్ని, ఎంత దూరం నుంచి, ఏ తూటాతో కొట్టదలచుకొన్నామో తేలకముందే అద్దాల జోలికి వెళితే డబ్బు ఖర్చవుతుందే గాని గురి కుదరదు.

ఈ పాఠంలోని అభ్యాసాలన్నీ 0.22 అంగుళాల లాంగ్ రైఫిల్ తూటాను దృష్టిలో పెట్టుకొని రాసినవి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్న తుపాకితో గాని, క్లబ్బు తుపాకితో కోచ్ పర్యవేక్షణలో గాని, గుర్తింపు పొందిన రేంజ్‌లో మాత్రమే వీటిని చేయాలి. ఈ తూటా చూడటానికి చిన్నదే అయినా, అడ్డు లేకపోతే కిలోమీటరున్నర దూరం పోగలదు. అందువల్ల చెరువు గట్టునో, మామిడి తోటలో చెట్టునో అడ్డం పెట్టుకొని టార్గెట్ నిలబెట్టడం ఎన్నడూ తగదు. ఇనుప పలకల మీద కాల్చడం కూడా రేంజ్ అధికారి అనుమతిస్తే తప్ప వద్దు. గట్టి ఉక్కుతో చేసి, ముఖం కాస్త కిందికి వంచి అమర్చిన పలక కాకపోతే సీసపు ముక్కలు కాల్చినవారి మీదికే తిరిగి వస్తాయి. మన సాధనకు కాగితం చాలు. తూటా తగిలిందా లేదా అన్నంతవరకే పలక చెబుతుంది. ఎటు, ఎంత తప్పిందో చెప్పేది కాగితమే.

దూరం మారినా మారని కొలత ఒకటి కావాలి. అది కోణం. స్కోపుల్లో రెండు కోణమానాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల వద్ద అది 29 మిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. రెండవది మిల్, అంటే దూరంలో వెయ్యో వంతు. 100 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్లు, 50 మీటర్ల వద్ద 5 సెంటీమీటర్లు. ఒక మిల్ సుమారు 3.44 మినిట్లతో సమానం. మీటర్లలో కొలిచే రేంజ్‌ల మీద సాధన చేసే మనకు మిల్ సులువు, లెక్క నోటితోనే తేలిపోతుంది. అయితే క్లబ్బులో తోటివారందరూ మినిట్లలో మాట్లాడుకొంటుంటే మీరూ దానికే కట్టుబడండి. పక్కవాడు చెప్పిన దిద్దుబాటును మనసులో మార్చుకొనే లోపల గాలి మారిపోతుంది.

ఇప్పుడు టార్గెట్లను ఈ కోణంతో తూచి చూద్దాం. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. 300 మీటర్ల టార్గెట్‌లో అదే వలయం 100 మిల్లీమీటర్లు. తూటా అంచు గీతను తాకినా పాయింటు దక్కుతుంది కాబట్టి, వలయం వ్యాసానికి తూటా వ్యాసాన్ని కలిపితేనే నిజంగా మనకున్న చోటు తెలుస్తుంది. 50 మీటర్ల వద్ద 10.4కు తూటా వ్యాసం 5.6 కలిపితే 16 మిల్లీమీటర్లు, అంటే 0.32 మిల్. 300 మీటర్ల పోటీలో అనుమతించే గరిష్ఠ వ్యాసమైన 8 మిల్లీమీటర్ల తూటాను తీసుకొంటే 108 మిల్లీమీటర్లు, అంటే 0.36 మిల్. దూరం ఆరు రెట్లయినా కోణం దాదాపు అంతే ఉంది, పైగా దగ్గరి టార్గెట్టే కొంచెం కఠినం. 50 మీటర్ల టార్గెట్‌ను పిల్లల మెట్టుగా చూసేవారు ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశపు షూటర్ స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచింది ఈ టార్గెట్ మీదే, అదీ టెలిస్కోప్ లేకుండా. ఆ పోటీల్లో కటకాలతో పెద్దది చేసి చూపే స్కోపుకు అనుమతి లేదు, సన్నని రంధ్రంలోంచి చూసే సైట్లే వాడాలి. మీ గమ్యం ఆ పోటీలే అయితే స్కోప్ మీకు తుపాకిని, తూటాల పెట్టెను పరీక్షించుకొనే పరికరం మాత్రమే. రోజువారీ సాధన సైట్లతోనే జరగాలి.

తెలుగు రాష్ట్రాల్లో సామాన్య సభ్యులకు అందే రేంజ్‌లు చాలావరకు 10, 25, 50 మీటర్లవే. కాబట్టి దూరపు టార్గెట్‌ను దగ్గరికి కుదించుకోవడం తెలియాలి. చాలామంది 300ను 50తో భాగించి, వలయాన్ని ఆరో వంతు చేసి ఊరుకొంటారు. అది సరి కాదు, ఎందుకంటే తూటా వ్యాసం ఆరో వంతు కాదు. అసలు వలయం వ్యాసానికి అసలు తూటా వ్యాసాన్ని కలపండి. ఆ మొత్తాన్ని దూరాల నిష్పత్తిలో తగ్గించండి. అందులోంచి మీరు వాడే తూటా వ్యాసాన్ని తీసివేయండి. 100కు 8 కలిపితే 108, ఆరో వంతు 18, అందులోంచి 5.6 తీసివేస్తే 12.4 మిల్లీమీటర్లు. 50 మీటర్ల వద్ద ఆ వలయం గీసుకొంటే పది పాయింట్ల మేరకు 300 మీటర్ల కష్టమే మీ ముందు ఉన్నట్లు. స్కోప్ వాడే ఎఫ్ క్లాస్ పోటీ మీద ఆసక్తి ఉంటే అదీ చూద్దాం. కెనడాలో పుట్టిన ఆ పోటీలో 1000 గజాల దూరానికి అమెరికా టార్గెట్ మీద పది వలయం 10 అంగుళాలు, దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు. 7.8 మిల్లీమీటర్ల తూటాతో అదే లెక్క చేస్తే 50 మీటర్ల వద్ద పది వలయం సుమారు 8.7 మిల్లీమీటర్లు, ఎక్స్ వలయం 1.8 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. తుపాకిని ఆనుకు మీద పెట్టి కాల్చే పోటీకి ఎంత సన్నని గురి కావాలో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది.

కుదించిన టార్గెట్ కోణాన్ని మాత్రమే తెస్తుంది. గాలిని తేదు, ఎండమావిని తేదు, తూటా దిగుబడిని, అంటే దూరం పోయేకొద్దీ తూటా కిందికి దిగడాన్ని, తేదు. వీటిని నేర్చుకోవడానికి 100 మీటర్లో 200 మీటర్లో ఉన్న రేంజ్‌కు అప్పుడప్పుడైనా వెళ్లక తప్పదు. ధ్వని వేగం కన్నా తక్కువ వేగంతో పోయే పోటీ తూటా, 50 మీటర్ల వద్ద గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసిన తుపాకిలోంచి 100 మీటర్ల వద్ద సుమారు 20 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. 200 మీటర్ల వద్ద ఆ దిగుబడి మీటరున్నర పైమాటే. అందుకే 0.22 తూటాతో 200 మీటర్ల సాధనను నేను అంతగా గౌరవిస్తాను. పెద్ద తూటా ఎన్నో వందల మీటర్ల అవతల నేర్పే పాఠాన్ని ఇది ఇక్కడే నేర్పుతుంది.

స్కోపుతో కాల్చేటప్పుడు నిండు నల్లని గుండ్రటి మచ్చ అంత మంచి గురి కాదు. ఆ మచ్చ రంధ్రపు సైట్ల కోసం పుట్టింది. ముందున్న వలయంలో నల్లని మచ్చ చుట్టూ తెల్లని అంచు సమంగా కనబడేలా చూసుకోవడం అక్కడి పద్ధతి. స్కోపులోని నల్లని అడ్డగీతలు నల్లని మచ్చలో కలిసిపోతాయి. దానికి బదులు సుమారు 20 మిల్లీమీటర్ల భుజంతో లోపల తెల్లగా ఉన్న చతురస్రాన్ని గీయండి. అడ్డగీతలు దాన్ని నాలుగు సమాన గళ్లుగా చీల్చినప్పుడు ఏ గడి ఏ మాత్రం పెద్దదైనా కన్ను ఇట్టే పసిగడుతుంది.

దీనికి అన్నిటికన్నా మంచి కాగితం బడిపిల్లలు వాడే గ్రాఫ్ షీటు. మిల్ స్కోపులో ఒక క్లిక్కు (గురి జరిపే గుండీని తిప్పినప్పుడు టక్కుమనే ఒక్కో మెట్టు) సాధారణంగా 0.1 మిల్, అంటే 100 మీటర్ల వద్ద సరిగ్గా ఒక సెంటీమీటరు గడి, 50 మీటర్ల వద్ద అర సెంటీమీటరు గడి. తూటాలు ఎన్ని గళ్లు పక్కకు పడితే అన్ని క్లిక్కులు తిప్పాలి, అంతే. గ్రూప్ (ఒకే గురితో కాల్చిన తూటాల రంధ్రాల గుంపు) పడే చోటును చతురస్రానికి కొద్దిగా పైకి జరిపి ఉంచుకొంటే గురి గుర్తు చిరిగిపోకుండా చివరి తూటా వరకు నిలుస్తుంది. మూడు తూటాల గ్రూపును నమ్మకండి. అదృష్టం కలిసొచ్చిన మూడు తూటాలు ఏ తుపాకినైనా గొప్పదిగా చూపిస్తాయి. పది కాల్చి, దూరంగా పడినదాన్ని కూడా కలిపే కొలవండి.

ఇక స్కోప్. కొనేవారి చూపు ముందుగా ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపుతుందన్న అంకె మీదికే పోతుంది. నా దృష్టిలో అది మూడో స్థానంలో ఉండవలసిన విషయం. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పొద్దు కాస్త ఎక్కేసరికి నేల మీద ఎండమావి లేస్తుంది. 24 రెట్లలో చూస్తే కాగితమంతా ఉడుకుతున్నట్లు కదులుతుంది, 12 రెట్లకు తగ్గిస్తే గురి గుర్తు మళ్లీ నిలకడగా కనిపిస్తుంది. పైగా రెట్లు పెరిగేకొద్దీ కంటికి చేరే వెలుగు గుండ్రం చిన్నదవుతుంది. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే ఆ గుండ్రం కొలత వస్తుంది; 50 మిల్లీమీటర్ల కటకానికి 25 రెట్లలో అది 2 మిల్లీమీటర్లే, తల కాస్త జరిగినా చూపు చీకటవుతుంది. 200 మీటర్ల లోపు కాగితపు సాధనకు 16 నుంచి 20 రెట్ల గరిష్ఠం సరిపోతుంది.

మొదటి స్థానం పారలాక్స్ దిద్దుబాటుది. అడ్డగీతలు ఉన్న తలం మీద టార్గెట్ ప్రతిబింబం సరిగ్గా పడకపోతే, తుపాకి కదలకపోయినా కన్ను జరిగినప్పుడల్లా గురి జరిగినట్లు కనిపిస్తుంది. ఈ తప్పు గరిష్ఠంగా ఎంత ఉండగలదో లెక్క కట్టవచ్చు: స్కోప్ సరిచేసిన దూరానికీ టార్గెట్ దూరానికీ ఉన్న తేడాను సరిచేసిన దూరంతో భాగించి, ముందు కటకం వ్యాసంలో సగంతో గుణించాలి. 100 మీటర్లకు స్థిరంగా బిగించి వచ్చే 40 మిల్లీమీటర్ల స్కోపును 50 మీటర్ల వద్ద వాడితే తప్పు 10 మిల్లీమీటర్ల వరకు ఉండగలదు. పది వలయం వ్యాసమే 10.4 అని ఇంతకుముందు చూశాం. చెంప ఒక్కోసారి ఒక్కోచోట ఆనించే కొత్తవారి గ్రూపులు విచ్చుకుపోవడానికి చాలాసార్లు ఇదే కారణం, వారేమో ట్రిగ్గర్‌ను నిందించుకొంటారు. కాబట్టి కనీసం 25 మీటర్ల నుంచి పారలాక్స్ మార్చుకొనే గుండీ ఉన్న స్కోపునే ఎంచుకోండి. గుండీ మీద ముద్రించిన అంకెను పట్టించుకోకండి. ముందు ఖాళీ ఆకాశం వైపు చూసి అడ్డగీతలు స్పష్టమయ్యేలా కంటివైపు వలయాన్ని సరిచేసుకోండి. తరువాత తుపాకిని ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, తలను మాత్రం పైకీ కిందికీ కొద్దిగా ఆడిస్తూ, గీతలు కాగితం మీద నిలిచిపోయేదాకా గుండీని తిప్పండి. ఆకాశం వైపు చూసేటప్పుడు తుపాకి ఖాళీగా, బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ) తీసి ఉండాలి.

రెండవది క్లిక్కుల నిజాయితీ. ఒక్క తూటా కూడా ఖర్చు చేయకుండా దీన్ని పరీక్షించవచ్చు. రెండు గ్రాఫ్ షీట్లను ఒకదాని కింద ఒకటి అతికించి, నిలువు గీతను తాపీమేస్త్రి తూకపుగుండుతో సరిచూసి, టేపుతో కొలిచిన 50 మీటర్ల వద్ద నిలబెట్టండి. బోల్టు తీసిన తుపాకిని కదలకుండా బిగించి, అడ్డగీతల కూడలిని ఒక గుర్తు మీద నిలిపి, 80 క్లిక్కులు తిప్పండి. కూడలి సరిగ్గా 40 సెంటీమీటర్లు జరగాలి. 39.2 మాత్రమే జరిగితే స్కోప్ నూటికి రెండు తక్కువ చెబుతోందని అర్థం. ఆ లెక్కను నోటుబుక్కులో రాసుకొని ఇకపై ప్రతి దిద్దుబాటుకూ కలుపుకొంటే అదే స్కోపుతో హాయిగా సాధన చేయవచ్చు. తిరిగి 80 క్లిక్కులు వెనక్కి తిప్పినప్పుడు కూడలి మొదటి గుర్తుకు చేరకపోతే మాత్రం ఆ స్కోపును వదులుకోవడమే మేలు. పైకి జరిగేటప్పుడు కూడలి నిలువు గీతను విడిచి పక్కకు పోతే స్కోప్ వంకరగా బిగించారన్నమాట. స్కోపును పట్టి ఉంచే రింగులు వదులుచేసి మళ్లీ సరిచేయండి.

అడ్డగీతలు మొదటి తలంలో (రెట్లు మార్చే కటకాలకు ముందు) ఉన్న స్కోపులో మిల్ గుర్తులు అన్ని రెట్లలోనూ సరిపోతాయి, రెండవ తలంలో (ఆ కటకాల వెనుక) ఉన్నదాంట్లో ఒక్క నిర్ణీత రెట్టులోనే సరిపోతాయి. ఎండమావి కోసం రెట్లు తరచు తగ్గించే మనకు మొదటిది అనుకూలం. కేవలం 50 మీటర్ల కాగితానికే అయితే సన్నని గీత ఉన్న రెండవ రకమే బాగుంటుంది. 200 మీటర్లకు పోదలచినవారు పైకి కనీసం 10 మిల్ తిరిగే స్కోపును చూసుకోవాలి. అది చాలకపోతే 20 మినిట్ల వాలు ఉన్న పట్టీ మీద బిగిస్తే మరో 5.8 మిల్ కలిసి వస్తుంది.

వచ్చే పాఠం గాలి గురించి. అప్పటికి 12.4 మిల్లీమీటర్ల వలయం గీసిన ఐదు షీట్ల మీద, ఒక్కొక్కదానిపై పది తూటాల చొప్పున, పొద్దున్నే గాలి లేని వేళ కాల్చి ఉంచండి. ప్రతి షీటు మూలన తేదీ, వేళ, తూటాల పెట్టె మీది లాట్ నంబరు, వాడిన రెట్లు రాయండి. గాలిలో కాల్చిన షీట్లను వాటి పక్కన పెట్టి గళ్లు లెక్కించడంతో ఆరవ పాఠం మొదలవుతుంది.