ఇత్తడి వాల్వు ఎర్రబడితే మార్చేయండి

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నాకు చేతినిండా పని. ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లోపలికి తెచ్చే ఇత్తడి వాల్వును ఈ 61 రోజుల్లోనే చూసుకోవాలి. ఓసారి ఒక బోటు వాల్వుకి పానా తగిలించి కాస్త బలం పెట్టానంతే, తడిసిన బిస్కెట్‌లా విరిగి చేతిలోకొచ్చింది. పైకి దాని ఆకారం ఏమీ చెడలేదు. అదే వేటలో ఉండగా విరిగితే ఇంజిన్ రూమ్‌లోకి నీళ్లే.

పైన ఆకుపచ్చ చిలుము చూసి కంగారుపడకండి, అది చాలావరకు పైపైనే. నా భయమంతా ఎర్రటి మచ్చతోనే. ఇత్తడంటే రాగి, జింకు. ఉప్పునీళ్లలో జింకు పోయి, రాగి స్పాంజిలా గుల్లబారి అక్కడే మిగులుతుంది. జింకు 15 శాతం దాటిన ఇత్తడికే ఈ జబ్బు. మామూలు ఇత్తడిలో అది 30, 40 దాకా ఉంటుంది. నీళ్లు కదలకుండా నిలిచిన చోట ఈ జబ్బు మరీ ఎక్కువ.

బోటు గట్టెక్కించాక వాల్వు మీద ఉప్పు, నాచు తుడిచేసి, ఒక మూల ఆకురాయితో రెండుసార్లు గీయండి. పసుపుపచ్చగా మెరిస్తే ఫర్వాలేదు. గులాబీ ఎరుపు కనబడితే అక్కడ చాకుమొన గుచ్చండి, దిగిందంటే ఇక మార్చాల్సిందే. పానాతో తట్టినా తెలుస్తుంది: మంచిది ఖంగుమంటుంది, గుల్లబారింది టప్‌మంటుంది. వాల్వు బిగించే త్రెడ్ల చుట్టూ తెల్లటి పొడి కట్టినా అనుమానించండి.

కొత్తది గన్‌మెటల్‌లో తీసుకోండి. పాత లెక్క ప్రకారం రాగి 88, తగరం 10, జింకు 2. దాని రంగే కాస్త ఎరుపు, అది చూసి హడలిపోకండి. చాకు మాత్రం దిగదు. దానికి మామూలు ఇనప బోల్టులు వేస్తే ముందు అవే తుప్పుపట్టి పోతాయి. పక్కన, మిగతా లోహాల బదులు తానే అరిగిపోయేలా బిగించిన జింకు దిమ్మ ఉంటే సగం అరిగేసరికి మార్చేయండి, దానికి పెయింట్ మాత్రం వేయకండి.

బోటు అడుగున చేపల మురుగు కుళ్లనివ్వొద్దు. అందులోంచి వచ్చే అమోనియాకి ఇత్తడి పగుళ్లిస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల దగ్గర పెట్టిన ఇత్తడి తూటా తొడుగులు వానాకాలంలో ఇలాగే చిట్లేవి.

నిషేధం ముగిసే జూన్ రెండో వారంలో బోటు ఓనర్లు టెన్షన్‌గా వచ్చి, "ఎంసీల్ పూసి పంపించెయ్ మావా" అంటారు. గుల్లబారిన దాని మీద పూసినది దానితోపాటే ఊడొస్తుంది. మే నెలలోనే రండి.