డిఫెన్స్, స్ట్రాటజీలో పీజీకి అప్లై చేసే ముందు చూసుకోవాల్సినవి

కోర్సు పేరు చూసి పడిపోకుండా ముందు సిలబస్ మొత్తం చదవండి. కొన్ని యుద్ధ చరిత్ర చుట్టూ తిరుగుతాయి, కొన్ని అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలతో నిండిపోతాయి, ఇంకొన్ని సైబర్, అణ్వస్త్ర విధానాల మీద ఉంటాయి, మీకేది కావాలో తేలకుండా ఫీజు కట్టొద్దు. బ్రిటన్‌లో మాస్టర్స్ ఎక్కువగా ఏడాదే, అమెరికాలో సాధారణంగా రెండేళ్లు.

అసలు జాగ్రత్త థీసిస్ టాపిక్ దగ్గర కావాలి. ఎంత గొప్ప ప్రశ్నైనా ఆధారాలు రహస్య ఫైళ్లలో ఉంటే మీ చేతికి రావు. బ్రిటన్ ప్రభుత్వ రికార్డులు మామూలుగా 20 ఏళ్లు దాటాకే బయటికొస్తాయి, సున్నితమైనవైతే ఇంకా ఆలస్యం. సిప్రి (స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ) ఆయుధ బదిలీల డేటాబేస్‌లో 1950 నుంచి సమాచారం ఉచితంగా దొరుకుతుంది, ముందు అది తిరగేయండి. లీకైన రహస్య పత్రాలు నెట్‌లో కనిపించినా దయచేసి డౌన్‌లోడ్ చేయొద్దు, ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే మరీను.

అధికారుల్ని ఇంటర్వ్యూ చేయాలంటే యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతి ముందే తీసుకోండి. సెమినార్‌లో చాటమ్ హౌస్ రూల్ అన్నారంటే, విన్నది వాడుకోవచ్చు గానీ చెప్పిందెవరో బయటపెట్టకూడదు.

ఇంకోటి, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడ్డానికి ప్రభుత్వం మన వివరాలు ఆరా తీసి ఇచ్చే అనుమతి) అడిగే ఉద్యోగాలు చాలా దేశాల్లో దాదాపు సొంత పౌరులకే ఇస్తారు, కాబట్టి విదేశంలో చదివి అక్కడి రక్షణ శాఖలోనే చేరిపోతామనే లెక్కతో లోన్ తీసుకోకండి.