బెజవాడ ఎండల్లో నీళ్లు, ఉప్పు, ఇనుము: తిన్నది ఒంటపట్టాలంటే

రోహిణి కార్తెలో బెజవాడ, గుంటూరుల్లో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. నీళ్లు బాగా తాగమని అందరూ చెబుతారు. ఎన్ని తాగాలి, వేటితో కలిపి తాగాలి అన్నది చెప్పేవాళ్లు తక్కువ. విటమిన్లు, ఖనిజాల సంగతీ అంతే. గోంగూర తింటే రక్తం పడుతుందని కడుపునిండా తింటాం. చెయ్యి కడుక్కుని వెంటనే టీ తాగి, ఆ ఇనుములో చాలా భాగం పోగొట్టుకుంటాం.

నీళ్లు ఎన్ని, ఉప్పు ఎంత

నీడపట్టున పనిచేసే పెద్దవాళ్లకు ఎండాకాలంలో రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు సరిపోతాయి. మజ్జిగ, చారు, పుచ్చకాయ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. గ్లాసులు లెక్కపెట్టడం కన్నా మూత్రం రంగు చూసుకోవడం మేలు. లేత పసుపైతే పరవాలేదు, ముదురు పసుపైతే నీళ్లు తగ్గినట్టే. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మాత్రం ఈ పరీక్ష చెల్లదు. అందులోని రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) వల్ల మూత్రం ఎలాగూ ముదురు పసుపుగానే వస్తుంది. అరవై దాటినవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు కాబట్టి అడిగేదాకా ఆగకుండా గంట గంటకూ గ్లాసు చేతికివ్వాలి.

మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు, డెలివరీ కుర్రాళ్లది వేరే లెక్క. వాళ్లకు గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి, గంటకు లీటరున్నర మించకూడదు. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. దాన్ని ఉప్పులోకి మారిస్తే దాదాపు అర టీస్పూను. అది పూడకుండా ఉత్త నీళ్లే పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకో చెంబు తాగిస్తే మనిషి ఇంకా దిగజారతాడు.

అందుకే పనిలోకి వెళ్లేవాళ్ల సీసాలో సగమైనా మజ్జిగ ఉండాలి. ఒక గ్లాసు పెరుగు చిలికి, నీళ్లతో లీటరు చేసి, అర టీస్పూను ఉప్పు, కొంచెం దంచిన అల్లం, కరివేపాకు వేస్తే చాలు. పులిసిపోయిన పెరుగైతే మధ్యాహ్నానికి తాగలేక పారబోస్తారు. ఏసీ కింద కూర్చునేవాళ్లకు ఈ ఉప్పు అక్కర్లేదు. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు ఉన్న కంచంలో అది ఎప్పుడో దాటిపోతుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లూ ఉప్పూ డాక్టరు చెప్పిన కొలతకే తీసుకోవాలి.

ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు జరిగే పొరపాట్లు

విరేచనాలు పట్టుకున్నప్పుడు అన్నిటికన్నా ముందు కావాల్సింది ఓఆర్‌ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జతగా లోపలికి పోతాయి, వాటి వెంటే నీళ్లు పోతాయి. అందుకే ఉత్త ఉప్పు నీళ్లు, ఉత్త పంచదార నీళ్లు ఈ పని చేయలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు. ప్యాకెట్ వెనక ఈ అంకెలు చూసుకుని కొనండి.

కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి, పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి, మిగతాది మడిచి పెడితే కొలత పోతుంది. చిక్కగా కలిపితే పేగులోకి ఒంట్లోని నీరే ఎదురు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి. వాటిని లీటరులో వేస్తే పలచనై పనిచేయదు. కలిపాక వేడి చేయొద్దు, 24 గంటలు దాటితే పారబోయండి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100, పదేళ్ల లోపు వాళ్లకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. పిల్లలకు జింక్ మాత్ర కూడా రాస్తారు: ఆరు నెలల లోపైతే రోజుకు 10, ఆ పైన 20 మిల్లీగ్రాములు. విరేచనాలు ఆగినా చెప్పినన్ని రోజులూ వేయాలి.

ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. రుచి చూస్తే కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్ముతూ వచ్చిన తియ్యటి పానీయాలు వేరు. సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. పిల్లాడు మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆర్వో నీళ్ల మాట

టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగడానికి సరేనని భారతీయ ప్రమాణం. కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు అంతకు లోపే చూపిస్తే ఆర్వో అవసరమే లేదు, యూవీ ఫిల్టరు చాలు. ఆర్వో క్యాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. టీడీఎస్ పెంచడానికి మెకానిక్ తిప్పే స్క్రూ శుద్ధి కాని నీళ్లనే కొంత కలుపుతుంది, కాబట్టి బోరు నీళ్లకు దాన్ని ముట్టుకోనివ్వొద్దు. పల్నాడు వైపు కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుండటం మంచిది, 1.5 దాటకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. కాచడం పనికొచ్చేది క్రిములకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పటిలాంటి రోజుల్లో గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వాలి. క్లోరిన్ బిళ్ల వేసినా వడకట్టడం తప్పదు, బురదే క్లోరిన్‌ను తినేస్తుంది.

వంటింట్లో

అన్నం గంజి వార్చితే బి1 విటమిన్ గంజితో పోతుంది. అత్తెసరు పెట్టండి, లేదా ఆ గంజిని చారులో పోయండి. బియ్యం రెండుసార్లు కడిగితే చాలు. పప్పు తొందరగా ఉడకాలని వంటసోడా వేస్తే బి1 ఇంకా దెబ్బతింటుంది. ముందురోజే నానబెట్టుకోవడం తేలిక. ఆకుకూర కడిగి తరగాలి, తరిగి కడగకూడదు. తోటకూర, మునగాకుల్లో ఉండి ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం ఒంటపట్టాలంటే తాలింపులో చెంచాడు నూనె ఉండాలి. అయోడైజ్డ్ ఉప్పు మూతపెట్టిన డబ్బాలో ఉంచి, కూర దించే ముందు వేయండి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో ఇనుము రోజుకు మగవాళ్లకు 19, ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాములు. ఇంత పెద్ద అంకె ఎందుకంటే, మన అన్నం, పప్పుల భోజనంలోని ఇనుములో నూటికి 5 నుంచి 8 పాళ్లే లోపలికి పోతుంది. దాన్ని పెంచేది సి విటమిన్. పులుపున్నవన్నిట్లో అది ఉంటుందనుకోవద్దు. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, అందులో సి విటమిన్ నామమాత్రం. గోంగూరలో ఉన్నది కూడా ఉడికేసరికి చాలావరకు పోతుంది. పచ్చిమిర్చిలో దండిగా ఉన్నది ఎండబెడితే నిలవదు, గుంటూరు కారానికి దక్కేది ఎరుపునిచ్చే పదార్థాలే. అందుకని పప్పన్నంలో పొయ్యి దించాక నిమ్మకాయ పిండుకోండి, లేదా భోజనంతో ఒక జామకాయ తినండి. టీ, కాఫీలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దు. కోడికూర, చేప ఉన్న రోజు పక్కనున్న ఆకుకూరలోని ఇనుము కూడా బాగా ఒంటపడుతుంది.

క్యాల్షియం పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు. రెండు గ్లాసుల పాలో పెరుగో తీసుకుంటే దాదాపు సగం వస్తుంది. రాగిజావ గ్లాసుకు 30 గ్రాముల పిండి వేస్తే వంద. రాగులు రాత్రంతా నానబెట్టి, ఒక రోజు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి కాబట్టి ఉన్నది బాగా అందుతుంది. పాలకూరను క్యాల్షియం కోసం నమ్ముకోవద్దు, ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. బి12 మొక్కల్లో లేదు. గుడ్డు కూడా ముట్టనివాళ్లు పాలు, పెరుగు మానకూడదు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గవచ్చు కాబట్టి ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రను క్యాల్షియం మాత్రతో కలిపి మింగొద్దు, మధ్య కనీసం రెండు గంటలుండాలి. క్యాల్షియం మధ్యాహ్నం అన్నంతో, ఇనుము రాత్రి భోజనమైన గంటకు నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే వికారం తక్కువ. విరేచనం నల్లగా రావడం మామూలే, దానికి భయపడి మానేయొద్దు. మాత్రల షీటు మాత్రం పిల్లలకు అందని అరలో పెట్టండి. పసివాళ్లు వాటిని గుప్పెడు మింగితే ప్రాణం మీదికొస్తుంది.