వంటింటి గోడ టైల్స్ ఊడుతున్నాయా? ముందు ఊడినదాన్ని తిప్పి చూడండి

నేను వెళ్లేసరికి చాలా ఇళ్లలో ఊడిన టైల్‌ని శుభ్రంగా కడిగి, తుడిచి, గోడకి ఆనించి పెడతారు. కడగొద్దు బాబూ! జబ్బేమిటో దాని వీపు మీదే ఉంటుంది. తిప్పి చూడకుండా వైట్ సిమెంట్‌తో మళ్లీ అతికిస్తే మళ్లీ ఊడుతుంది.

టైల్ వెనక ఏమీ లేదు, సిమెంటంతా గోడకే ఉండిపోయింది:
విట్రిఫైడ్ టైల్ (గాజులా గట్టిపడేలా కాల్చింది) నీళ్లు దాదాపు పీల్చదు, 0.5 శాతం లోపే. ఉత్త సిమెంట్ దానికి పట్టదు, టైల్స్ అతికించే జిగురు, అంటే అడ్హెసివ్‌తోనే వేయాలి. సిరామిక్ గోడ టైల్ అయితే నానబెట్టకుండా సిమెంట్‌తో వేసుంటారు, సిమెంట్‌లో నీళ్లన్నీ అదే తాగేసింది. అడ్హెసివ్‌తో వేసినా ఇలాగే ఊడిందంటే, ఎండాకాలంలో గోడంతా ఒకేసారి పూసేసి టీకి వెళ్లుంటారు. పూసింది వేలికి అంటకపోతే గీకేసి మళ్లీ పూయాల్సిందే.

ఊడలేదు, తడితే గుల్లగా మోగుతోంది:
మధ్యలో ముద్ద పెట్టి నొక్కేశారు, మూలలు ఖాళీ. సగం పైన మోగితే తీసి వేయించండి. ఒక మూలే అయితే వదిలేయండి, అక్కడ డ్రిల్ మాత్రం పెట్టకండి.

టైల్ వెనక దిట్టంగా పట్టే ఉంది, గోడే వదిలేసింది:
నన్ను ముంచింది ఇదే. విజయనగరం కోట దగ్గర మా పిన్ని వంటిల్లు. పైడితల్లమ్మ పండగకి చుట్టాలొస్తారని తొందర. డిస్టెంపర్ వేసిన పాత గోడకి జానెడుకో గాటు కొట్టించి, ఖరీదైన అడ్హెసివ్ తెచ్చి, పళ్లున్న తాపీతో గీయించి, అంతా దగ్గరుండి చేయించాను. రెండో వేసవిలో పొయ్యి వెనక నాలుగు టైల్స్ ఒకేసారి ఊడి పోపు మూకుడులో పడ్డాయి. అడ్హెసివ్‌ని తిట్టుకున్నాను. తర్వాత వెలుతురులో చూస్తే, ఆ అడ్హెసివ్ మీద కాగితమంత తెల్లటి పొర. గోరుతో గీకితే తెలుపు, నీలం, మళ్లీ తెలుపు. ఏటా సంక్రాంతికి కొట్టిన సున్నాలు! అడ్హెసివ్ సున్నాన్ని గట్టిగానే పట్టుకుంది, సున్నమే గోడని వదిలేసింది.

గాటుకీ గాటుకీ మధ్య సున్నం అలాగే ఉంటుంది కాబట్టి గాట్లు చాలవు. పుట్టీ పెట్టిన గోడకీ ఇదే గతి. గోడ మీద నీళ్లు చల్లి, పది నిమిషాలాగి, తాపీ అంచుతో నాలుగైదు చోట్ల గీకండి. తెల్లటి ముద్ద వస్తే బూడిదరంగు ప్లాస్టరింగ్ తగిలేదాకా మొత్తం గీకించాలి, మేస్త్రి ఎంత విసుక్కున్నా సరే. దుమ్ము కడిగి ఆరనివ్వండి. ఎంత గీకినా పిండిలా రాలుతూనే ఉంటే లోపల కూడా పాత సున్నపు గచ్చే, దాన్ని రాల్చి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి, వారం తడిపి, ఇంకో మూడు వారాలు ఆగండి. ఇలా నాలుగు ఊడాయంటే పక్కవీ అదే సున్నం మీద ఉన్నట్టే, అన్నీ రూపాయి బిళ్లతో తట్టి చూడండి.

ఇల్లు కుంగిందనో, టైలే నాసిరకమనో అంటారు, అవి అరుదు. గోడలో పైపు కారుతుంటే చాలాసార్లు చెమ్మ కనబడుతుంది.

విరగకపోతే ఊడిన టైల్‌నే మళ్లీ వాడుకోవచ్చు. వెనకున్నదంతా గీకేయండి. అప్పుడు కడగండి.