ముల్లు దిగిన వేలు వాచిందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

వాపు తగ్గించే మాత్ర కోసం వెతికే ముందు లోపల ఏదైనా మిగిలిపోయిందేమో చూడండి. దాన్ని తియ్యకుండా వాపును ఎంత అణిచినా మళ్ళీ వస్తుంది.

సమస్య: ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంది
కారణం: చర్మంలో కాపలా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో సన్నని రక్తనాళాలు వెడల్పై, ఒంటి లోపలి వెచ్చటి రక్తం అక్కడికి ఎక్కువగా వస్తుంది.
పరిష్కారం: సబ్బునీళ్ళతో కడిగి ముల్లు తీసేయండి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టర్ని అడగండి.

సమస్య: ఉబ్బి, సలుపుతోంది
కారణం: నాళాల గోడల్లో సందులు ఏర్పడి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) బయటికి ఊరుతుంది. ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల వల్ల నరాల కొసలు చిన్న ఒత్తిడికే జివ్వుమంటాయి. ఆస్పిరిన్ వీటి తయారీనే అడ్డుకుంటుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో తేల్చాడు. ఐబుప్రోఫెన్ పనిచేసేదీ అలాగే.
పరిష్కారం: చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఈ మాత్రలను సొంతంగా వాడకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు.

సమస్య: చీము పట్టింది
కారణం: నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. 1882లో జీవశాస్త్రవేత్త మెచ్నికోవ్ అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో గులాబీ ముళ్ళు గుచ్చి, తెల్లారి సూక్ష్మదర్శినిలో చూశాడు. కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి! ఆ పరిశోధన దారిలోనే 1908లో నోబెల్ అందుకున్నాడు. మన వేల్లోనూ అదే తంతు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కొన్ని గంటల్లోనే నాళం గోడల్లోంచి దూరి వచ్చి, బాక్టీరియాను మింగి, అక్కడే చచ్చిపోతాయి. చీములో ఎక్కువ భాగం వాటి శవాలే.
పరిష్కారం: పిండొద్దు, ఇన్ఫెక్షన్ లోపలికి పాకుతుంది. చిన్నదైతే వేడినీళ్ళ కాపడం పెట్టండి. గడ్డకడితే డాక్టర్ కోసి తీయాల్సిందే, ఎందుకంటే చీముగడ్డ లోపలికి యాంటీబయోటిక్ సరిగ్గా చేరదు.

సమస్య: చలితో వణుకు, జ్వరం, చంకలో బిళ్ళ
కారణం: మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే మరో రకం రక్షక కణాలు) వదిలే సైటోకైన్లు అనే సంకేత రసాయనాల కబురు అందగానే మెదడు ఒంటి వేడి హద్దును పైకి జరుపుతుంది. ఆ కొత్త హద్దును అందుకోవడానికే వణుకు. బిళ్ళ అంటే, చేతి నుంచి వచ్చే లింఫు అనే ద్రవాన్ని వడకట్టే గ్రంథి పనిలో పడి ఉబ్బడం.
పరిష్కారం: అదే రోజు డాక్టర్‌కి చూపించండి, చేతి పైకి ఎర్రటి గీత పాకుతుంటే మరీనూ. ఆయాసం, మాట తడబాటు, మగత కనిపిస్తే సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్ళు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) కావచ్చు. క్షణం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి.

సమస్య: గుచ్చుకున్నదేమీ లేదు, కీలు మాత్రం వాస్తోంది
కారణం: యూరిక్ ఆమ్లం స్ఫటికాలనూ మాక్రోఫేజ్‌లు ప్రమాదంగానే లెక్కిస్తాయి, అదే గౌట్. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో రక్షణ వ్యవస్థ దాడి సొంత కీళ్ళ మీదే.
పరిష్కారం: సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (ఎరుపు, వేడి, వాపు, నొప్పి తెచ్చే ఈ రక్షణ స్పందన) ఉందని చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. పొద్దున్నే కీళ్ళు పట్టేసి, వదలడానికి ఎంతసేపు పడుతోందో రాసుకుని వెళ్ళండి. డాక్టర్‌కి ఆ వివరం చాలా అవసరం.